దుబాయి బట్టలు

మా అమ్మాయి ఆఫీసు పని మీద ముంబయి వెళ్తోంది. జులై నెల, అక్కడ కుండపోత వానలట. పొద్దున్నే లేచి హాల్లో బల్ల మీద దుప్పటి పరిచి, కావలసిన బట్టలన్నీ ఇస్త్రీ చేసుకుంటోంది. పూర్తిగా ఆరని నూలుబట్ట మీద వేడి ఇస్త్రీపెట్టె ఆనితే చుయ్యిమని ఆవిరి లేచి ఒక వాసన వస్తుంది. చాలామందికి అది ఇష్టం. నాకు మాత్రం ఆ వాసన తగిలితే ఆ పూట అన్నం సహించదు. వంటింట్లోంచి బయటికొచ్చి, గుమ్మం పట్టుకుని, అది చొక్కాల మడతలు సరిచేసి ఒకదాని మీద ఒకటి పెట్టెలో పెట్టడం చూస్తూ నిలబడిపోయాను. ఏంటమ్మా అలా అయిపోయావంది. ఏం లేదన్నాను. ఏం చెప్పను? దానికి సుగుణమ్మ పిన్నిగారు తెలియదు. అది పుట్టకముందే ఆవిడ పోయింది. నాకు నాలుగు మాటలూ, నలుగురిలో తలెత్తుకు కూర్చునే ధైర్యమూ, చేసుకు తినడానికి ఒక పనీ ఇచ్చిన మనిషి. ఆవిడ గురించి ఇన్నేళ్ళలో ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం కూడా ఆవిడే.

తాటిపాక నుంచి కాలవగట్టు వెంట కొంత దూరం లోపలికి వెళితే మా ఊరు. మా పేటలో ఆడవాళ్ళందరి చేతుల్లోనూ అప్పట్లో క్రోషా సూది ఉండేది. ఇళ్ళలో కూర్చుని తెల్లదారంతో లేసు అల్లేవాళ్ళం. ఆ ముక్కలన్నీ పోగుచేసి, చూసి, అతికించి, బొంబాయిలో ఎగుమతి చేసే కంపెనీకి అమ్మే సెంటరు సుగుణమ్మ గారిది. ఊళ్ళో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ పిన్నిగారే. పొడుగ్గా, ఎముకలు తేలిన మొహంతో, నవ్వితే ఏదో పోతుందన్నట్టు ఉండేవారు. ఎవరు లేసు తెచ్చినా ముందు కంటితో చూడరు, ముక్కుతో చూస్తారు. "చేపలు తోమిన చేత్తోనే దారం పట్టుకున్నావే మహాతల్లీ" అని ముక్క వెనక్కిచ్చేసేవారు. ఆ మాట పడని ఆడది మా పేటలో లేదు. నేను చదువు మధ్యలో ఆపేసి, పెళ్ళి కుదరక, ఇంట్లో అందరికీ అడ్డంగా ఉన్న రోజుల్లో నన్ను పిలిచి సెంటర్లో పెట్టుకున్నారు. తొలివారమంతా నా చేత సబ్బుతో చేతులు కడుక్కోవడం తప్ప ఏ పనీ చేయించలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేనేమైనా అంటరానిదాన్నా అని మొహం మీదే అనేశాను. ఆవిడకి కోపం రాలేదు. "అలా అనేవాళ్ళు ఉన్నారు కాబట్టే కడుక్కోమంటన్నాను. మనం అల్లింది తెల్లదొరసాని బల్ల మీద పరుచుకుంటది. దాని మీద మన మరక ఒక్కటి కూడా కనబడకూడదు" అన్నారు. అప్పుడు నాకది గొప్ప మాటలా అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే ఆవిడ జబ్బంతా అందులోనే ఉందనిపిస్తుంది.

ఆవిడ తాతలూ మా తాతలూ ఒకే ఆసామి చేలో కూలికి దిగినవాళ్ళు. మోకాటి లోతు నీళ్ళలో నడుం వంచి బతికినవాళ్ళు. మిషను బడి పుణ్యమా అని ఆవిడ తండ్రి నాలుగక్షరాలు నేర్చి, చొక్కా తొడుక్కుని, గట్టు మీద నిలబడ్డాడు. ఆ గట్టు మీద నుంచి మళ్ళీ జారకూడదన్నదే పిన్నిగారి బతుకంతా. ఇస్త్రీ లేని చీర కట్టగా నేను చూడలేదు. బొగ్గుల ఇస్త్రీపెట్టె ఆవిడ ఇంట్లో పొయ్యితో సమానంగా వెలిగేది. నాకు ఇంగ్లీషు ముక్కలు నేర్పింది కూడా ఆ ఇస్త్రీ దగ్గరే. ఆవిడ పెట్టె తోస్తూ అడగాలి, నేను నీళ్ళు చిలకరిస్తూ జవాబివ్వాలి. తప్పు చెబితే ఆ చీర నా చేతికిచ్చి మళ్ళీ మొదటినుంచీ రుద్దించేవారు.

భర్త ఆనందరావు గారు దుబాయిలో ఉన్నారు. మా ఊరంతటికీ తెలిసిన సంగతి అది. ఆయన ఆయిలింజన్లు బాగుచేసే మెకానిక్కు. చేలకి నీళ్ళు తోడే ఇంజను ఎక్కడ మొరాయించినా సైకిలు మీద ఆయనే వచ్చేవారు. ఊళ్ళల్లోంచి మగాళ్ళు గల్ఫుకి కట్టలు తెంచుకుని పోతున్న కాలం. ఆయనా ఒక ఏజెంటుని పట్టుకుని బొంబాయి మీదుగా వెళ్ళేరు. ఏటా జులైలో పిన్నిగారు లేసు శాంపిళ్ళు పట్టుకుని బొంబాయి వెళ్ళేవారు, క్రిస్మసుకి పైదేశాలు వెళ్ళే సరుక్కి ఆర్డర్లు ఖాయం చేసేది ఆ నెలలోనే కనుక. తిరిగొచ్చేటప్పుడు ఒక పెట్టెడు ఫారిన్ సామాను తెచ్చేవారు. వాసన సబ్బులు, గోళ్ళు తీసుకునే కట్టర్లు, టార్చిలైట్లు. దుబాయి నుంచి వచ్చేవాళ్ళతో బాబాయిగారు బొంబాయికి పంపించేరని చెప్పి ఇంటింటికీ పంచిపెట్టేవారు. ఆ సబ్బు మేం ఒంటికి రుద్దుకునేవాళ్ళం కాదు, ట్రంకుపెట్టెల్లో చీరల మధ్య దాచుకునేవాళ్ళం. ఆనందరావు గారంటే మా ఊళ్ళో కలెక్టరు కన్నా ఎక్కువ.

బొంబాయి ప్రయాణానికి పెట్టె సర్దడం పిన్నిగారి దగ్గర ఒక పెద్ద తతంగం. వానల ఊరు, లేసుకి చెమ్మ తగిలితే పసుపెక్కిపోతుంది. ఉతికిన మల్లుగుడ్డలో చుట్టి, పైన మైనం కాగితం, దాని పైన ప్లాస్టిక్కు. తన చీరలకి మాత్రం ఆ నెలంతా గంజి పెట్టించేవారు కాదు. నన్ను మొదటిసారి తీసుకువెళ్ళిన ఏడు, నీ బట్టలకీ గంజి వద్దని చెప్పేరు. నేను వింటేనా! కంపెనీ ఆఫీసులో ఫెళఫెళలాడుతూ కనబడాలని చిక్కటి గంజి పెట్టి మరీ సర్దుకున్నాను. అక్కడ దిగిన మర్నాటికల్లా ఆ చెమ్మకి చీర పులిసిన పిండి వాసన. ఆఫీసులో పక్కన కూర్చున్న గుమాస్తా కుర్చీ జరుపుకున్నాడు. పిన్నిగారు నా వంక చూడకుండానే, దోసెలు పోద్దామా రూతమ్మా అని గొణిగేరు. ఆవిడ హాస్యమాడగా నేను విన్నది ఆ ఒక్కసారే.

అసలు సంగతి అది కాదు. ఆ ఏడు పెట్టె సర్దేటప్పుడు, అన్నిటికంటే అడుగున, ఒక మగవాళ్ళ జత ముందుగా పెట్టడం చూశాను. క్రీము రంగు సఫారీ సూటు, బెల్టు, నల్లకళ్ళజోడు. సూటు రాజోలులో దర్జీ దగ్గర కొత్తగా కుట్టించింది. బట్ట మాత్రం అంతకు ముందు ఏడు బొంబాయిలో కొన్న ఫారిన్ బట్ట. ఏటా ఒక జత కుట్టిస్తారనీ, పాతది పాతబట్టలవాడికి కాకుండా దూరపు బంధువులెవరికో పంపేస్తారనీ దర్జీ చెప్పేడు. బెల్‌బాటాలు తొడిగే రోజుల్లో బెల్‌బాటం, అది పోయాక సఫారీ. కొలతలు మాత్రం ఎప్పుడూ అవే, మనిషి వెళ్ళేటప్పటివి. ఇవి ఎవరికండీ అనడిగితే, బాబాయిగారికి, దుబాయి వెళ్ళేవాళ్ళ చేత పంపుతానన్నారు. బట్ట దుబాయిలో దొరకదా అని నాకు ఒక్క క్షణం తట్టింది గానీ, మొగుడి మీద ప్రేమ అనుకుని ఊరుకున్నాను.

బొంబాయిలో ఆర్డరు పని అయిపోయాక పిన్నిగారు నన్ను మేం దిగిన హాస్టల్లోనే ఉండమని, ఆ బట్టలు ప్లాస్టిక్కులో చుట్టి చంకన పెట్టుకుని గొడుగేసుకుని బయల్దేరేరు. ఒక్కర్తినీ ఉండలేక నేను వెంటపడ్డాను. తెలుగు కూలీలుండే చాల్ అనే ఇరుకు ఇళ్ళ వరసల మధ్య, పిక్కల దాకా బురదనీళ్ళలో, పొద్దస్తమానం తిరిగేం. కనబడిన ప్రతి తెలుగువాణ్ణీ ఆపి అడగడం, ఆనందరావు అని ఇంజన్ మెకానిక్కు, అమలాపురం వైపు మనిషి, చూసేరా అండీ అని. నాకు విషయం అర్థమవడానికి ఆట్టే సేపు పట్టలేదు. ఒక టీ కొట్టు చూరు కింద నిలబడ్డప్పుడు, నా మొహం చూసి ఆవిడే చెప్పేరు.

"దుబాయిలో లేరు. ఎప్పుడూ వెళ్ళలేదు."

ఏజెంటు బొంబాయిలో దింపి మాయమైపోయాడట. పలివెల నుంచి వచ్చిన తాపీమేస్త్రి ఒకాయనకి బాబాయిగారు ఈ ఊళ్ళో కనబడి, నా ఆడదానికి చెప్పు, నేను దుబాయి వెళ్ళిపోయేననే ఊళ్ళో చెప్పమను, ఏదో దారి చూసుకుని ఏడాదిలో వచ్చేస్తానని కబురు పెట్టేరట. పిన్నిగారు అలాగే చెప్పేరు. చెబితే సరిపోయిందా? దుబాయి మొగుడున్న ఆడది దానికి తగ్గట్టు కనబడాలి కదా. బొంబాయి బజారులో ఫారిన్ సబ్బులు కొని పంచడం మొదలెట్టేరు. ఆ సబ్బుల సంగతి అదే తాపీమేస్త్రి మళ్ళీ బొంబాయి వెళ్ళినప్పుడు బాబాయిగారికి చెప్పేడు, నిన్ను ఊళ్ళో రాజులా చెప్పుకుంటున్నారని. అంతే, ఆ తరవాత ఆయన ఆ మేస్త్రికి కూడా కనబడడం మానేసేరు. దుబాయి నుంచి రావలసిన మనిషి మాసిన చొక్కాతో తాటిపాకలో బస్సు ఎలా దిగుతాడు? "అందుకే ఈ బట్టలు" అన్నారు పిన్నిగారు. "దొరికితే ఇవి తొడిగించి తీసికెళ్ళిపోతాను. సెలవు మీద వచ్చేరంటాను. కొన్నాళ్ళకి, ఇంక వెళ్ళరంట అంటాను. అయిపోద్ది." ఎంత తేలిగ్గా చెప్పేరో! ఇన్ని లెక్కలు వేసుకున్న మనిషికి, ప్రతి సబ్బూ ఆయన దారిలో ఒక్కొక్క రాయి పేర్చడమేనని తెలియలేదా? తెలుసేమో. ఆపితే ఊరు ఏమనుకుంటుందోనన్న భయం ఆ తెలివిని మింగేసి ఉంటుంది.

దొరికేరు. ఆ ఏడు కాదు, ఆపైన ఇంకో రెండు వానాకాలాలు గడిచాక. కొట్ల నేలమాళిగల్లోకి వాననీళ్ళు చేరితే ఇంజన్లు పెట్టి తోడేవాళ్ళుంటారు బొంబాయిలో. ఆ ముఠాలో ఒక తెలుగాయన ఉన్నాడని ఎవరో చెబితే వెళ్ళేం. తొడల దాకా నల్లనీళ్ళలో నిలబడి, ఇంజను మీద వంగి, చెవి పెట్టి వింటున్నారు. పిన్నిగారు గట్టు మీద నిలబడి, ఏవండీ అన్నారు. అంతే. ఆయన వెంటనే తిరగలేదు. ఇంజను ఆపి, చేతులు నీళ్ళలోనే కడుక్కుని, అప్పుడు తిరిగేరు. పళ్ళు రెండు ఊడిపోయి, బుగ్గలు లోపలికి పోయి, సగం మనిషి అయిపోయి ఉన్నారు. వర్షంలో ఇంత దూరం వచ్చేరా, భోజనాలు చేసేరా అని మర్యాదగా అడిగేరు, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళని అడిగినట్టు. తరవాత కాసేపటికి, ఊళ్ళో ఏమనుకుంటన్నారు అన్నారు.

"ఫోర్‌మేన్ అయ్యేరనుకుంటన్నారు" అన్నారు పిన్నిగారు.

ఆయన తల ఊపి, "ఫోర్‌మేన్ కూడా చేసేసేవా సుగుణా" అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

వస్తానన్నారు. నిజంగానే వచ్చేరు. మర్నాడు స్టేషనుకి సఫారీ సూటు తొడుక్కుని, పాంటు నడుం దగ్గర వదులైపోతే బెల్టుతో బిగించుకుని వచ్చి రైలెక్కేరు. ఆ ప్రయాణంలో పిన్నిగారిని చూసి నాకు ముచ్చటేసింది, సిగ్గేసింది కూడా. కొత్తపెళ్ళికూతురిలా ఊరికే నవ్వడం. అరటిపండు వలిచి చేతికివ్వడం. ఒక్కటే లోటు, బూట్లు తేవడం మరిచిపోయేరు. బొంబాయిలో కొన్నవి ఆయన పాదాలకి ఎక్కలేదు. ఏళ్ళ తరబడి నీళ్ళలో నాని, వేళ్ళ సందులు తెల్లగా ఒరుసుకుపోయి, వాచిపోయి ఉన్నాయా పాదాలు. మా వైపు ఎవరికి చూపించినా ఒక్క చూపులో చెప్పేస్తారు ఇవి నీళ్ళలో పనిచేసేవాడి కాళ్ళని. దుబాయిలో ఎడారి కదా అంటారు. పిన్నిగారు ఆ పాదాల మీద తన శాలువా కప్పి, పాఠం మొదలెట్టేరు. దుబాయిలో మీ కంపెనీ ఏంటని అడుగుతారు, ఇదీ చెప్పండి. తిండి ఏంటని అడుగుతారు, ఇదీ చెప్పండి. కాళ్ళ సంగతి అడిగితే ఆయిలు పడిందని చెప్పండి. ఆయన బుద్ధిగా ఒక్కొక్కటీ అప్పజెప్పేరు. బెజవాడ దగ్గరకొస్తుండగా కిటికీలోంచి కొత్తగా నాట్లేసిన చేలు కనబడ్డాయి. ఆయన వాటినే చూస్తూ నెమ్మదిగా అన్నారు.

"ఉన్నదున్నట్టు చెప్పేద్దాం సుగుణా. బొంబాయిలో నీళ్ళు తోడేవాణ్ణి, ఏజెంటు మోసం చేసేడు, ఇంటికొచ్చేసేను, అని."

పిన్నిగారు వెంటనే ఊ అని ఉంటే! ఆవిడ చాలాసేపు తన చీర కుచ్చిళ్ళు సరిచేసుకున్నారు. "నీళ్ళలోంచి బయటకి రావడానికి మనవాళ్ళకి రెండు తరాలు పట్టిందండీ. మళ్ళీ నీళ్ళలోనే ఉన్నాడని నా నోటితో ఎలా చెప్పమంటారు? ఈ నాలుగు రోజులూ ఓర్చుకోండి, తరవాత చూద్దాం" అన్నారు.

"ఆయ్" అన్నారాయన.

బెజవాడలో మేం రైలు మారాలి. సామాను దింపి ప్లాట్‌ఫారం మీద పెట్టేక, మంచినీళ్ళు పట్టుకొస్తానని ఆయన మరచెంబు తీసుకుని వెళ్ళేరు. ఆ రద్దీలో క్రీము రంగు సఫారీ కుళాయి దాకా కనబడింది, తరవాత కనబడలేదు. మా బండి వచ్చింది, వెళ్ళింది. తరవాతి బండి కూడా వెళ్ళింది. నేను స్టేషనంతా గాలించేను, పోలీసులకి చెబుదామన్నాను. పిన్నిగారు సామాను మీద కూర్చున్నవారు కూర్చున్నట్టే, వద్దన్నారు. పాదాల నొప్పితో ఎక్కడో కూలబడిపోయేరేమో అన్నారు. సాయంత్రానికి ఆ మాట కూడా మానేసేరు. ఊళ్ళోకి వచ్చిన మర్నాడే, మొహం కడుక్కుని, ఇస్త్రీ చీర కట్టుకుని, ఇంటింటికీ వెళ్ళి సబ్బులు పంచేరు. ఈసారి సెలవు దొరకలేదంటండీ ఆయనకి, అని చెబుతుంటే నేను పక్కన పెట్టె పట్టుకుని నిలబడ్డాను. నాకు ఆవిడ మీద అసహ్యం పుట్టింది. మరుక్షణం ఆవిడ ఇచ్చిన ఇంటికే మళ్ళీ సబ్బు ఇవ్వబోవడం చూసేను, ఆ అసహ్యం ఏమైపోయిందో తెలియదు.

ఆ తరవాతి ఏడు దర్జీకి కొత్త కొలతలు చెప్పేరు, నడుం తగ్గించమని. బూట్లు పెద్ద సైజువి కొన్నారు. మళ్ళీ బొంబాయి, మళ్ళీ అవే సందులు, అవే నేలమాళిగలు. ఆ ముఠాలో ఆయన లేరు. అలా ఎన్నేళ్ళు తిరిగేమో లెక్కపెట్టుకోను. లేసు పని అంతా నెమ్మదిగా నా చేతికొచ్చింది, ఆవిడకి వెతకడమే పనైంది. తరవాత కడుపులో గడ్డ తేలింది. అమలాపురం ఆసుపత్రిలో మంచం మీద కూర్చుని, నా చేత పెట్టె సర్దించేరు, అడుగున ఆ జత నా చేతుల మీదుగానే పెట్టించేరు. ఆవిడకి లేవడానికి ఓపిక లేదు.

"ఈసారి నువ్వెళ్ళు. కనబడితే చెప్పు, ఈ బట్టలు తొడుక్కోనక్కర్లేదు, ఎలా ఉంటే అలాగే రమ్మన్నానని. ఉన్నదున్నట్టు చెప్పేద్దాం, నేనే చెబుతాను చర్చిలో నిలబడి" అన్నారు. నేను కళ్ళొత్తుకుంటుంటే నా మణికట్టు పట్టుకున్నారు. "ఆయన వస్తేనే. రాకపోతే మాత్రం ఎవరికీ చెప్పకు రూతమ్మా. నేను పోయేక నన్ను చూసి నవ్వుతారు. నవ్వనివ్వకు."

వెళ్ళేను. ఆ వానల్లో నేను తిరగని నేలమాళిగ లేదు. ఎవరికీ తెలియదన్నారు. ఒకాయన మాత్రం, అలాంటి మనిషి ఉండేవాడు, నీళ్ళలో నిలబడీ నిలబడీ జ్వరం తగిలి ఎటో వెళ్ళిపోయేడన్నాడు. బతికున్నాడా అంటే భుజాలెగరేసేడు. ఆ జత ఎవరికీ ఇవ్వబుద్ధి కాక తిరిగి తెచ్చేను. తెచ్చేసరికి పిన్నిగారు లేరు. ముందు రోజే సమాధి చేసేశారు. ఊరంతా ఆయన్ని తిడుతోంది. పెళ్ళాం చస్తే రాని మగాడు కూడా మగాడేనా, దుబాయిలో ఇంకో సంసారం పెట్టి ఉంటాడు, సబ్బులు పంపించి సరిపెట్టేడు, ఎంత రాయి గుండె అని. నీళ్ళలో నిలబడి కాళ్ళు కుళ్ళిపోయిన మనిషిని అలా అంటుంటే నా నోటి దాకా వచ్చింది మాట. ఆవిడ మట్టి ఇంకా తడిగానే ఉంది. మింగేశాను.

ఆవిడ నేర్పిన పనితోనే నేను బతికేను. నా కాళ్ళ మీద నేను నిలబడి, కూతుర్ని చదివించుకున్నాను. ఆవిడ పెట్టిన బతుకిది. దేవుడి ముందు కూర్చున్నప్పుడల్లా ఆవిడ కోసం ప్రార్థిస్తాను. కానీ ఏమని ప్రార్థించాలో నాకు సగం రోజులు తెలియదు. అక్కడైనా ఆవిడకి ఆయన కనబడి ఉంటారా అంటే, ఆయన చచ్చిపోయేరో లేదో కూడా నాకు తెలియదు కదా. తెలియకుండానే నేనూ పోతాను. ఈ సంగతి తెలిసినవాళ్ళు ఆ తరవాత ఈ భూమ్మీద ఎవరూ ఉండరు.

ఆమధ్య ఊరు వెళితే, పెద్దామె ఒకావిడ, కళ్ళు సరిగ్గా ఆనవు, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టుకుంది. పాతవాళ్ళందరి కబుర్లూ అయ్యేక, మన సుగుణమ్మ పెనిమిటి ఇంకా ఉన్నాడా అమ్మా, ఏమన్నా తెలిసిందా అనడిగింది. ఆయన ఉంటే తొంభై దాటి ఉంటాయి. నేను ఆవిడ చేతి మీద చెయ్యి వేసి, "ఉన్నారంటండీ. దుబాయిలోనే, బాగానే ఉన్నారంట" అన్నాను.